నిండు జాడీల మ్యూజియం

పోయిన నెల పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజియంలో నేల మీద వెల్లకిలా పడుకున్నాను. కాలు జారీ కాదు, కళ్ళు తిరిగీ కాదు. కావాలనే పడుకున్నాను. చీనా దేశపు పూలకుండీ ఒకటి గాజు బల్ల మీద పెట్టి ఉంది. దాని అడుగు చూడాలంటే నాకు వేరే దారి కనపడలేదు. కాపలా మనిషి పరుగున వచ్చి నా భుజం పట్టి లేపాడు. పింగాణి వస్తువుకు అసలు ముఖం అడుగునే ఉంటుందనీ, అది చూడకుండా పోవడమంటే పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురిని చూడకుండా తిరిగి రావడమేననీ నాకు వచ్చిన అరవంలో అతనికి వివరించాను. అతను అంతా ఓపికగా విని, నన్ను గేటు దాకా సాగనంపాడు.

గేటు బయట చెట్టు కింద నిలబడి నవ్వుకుంటుంటే మామ గుర్తుకొచ్చాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. పింగాణి అడుగు చూడటానికి సర్కారు అధికారిని నేల మీద పడుకోబెట్టిన మొదటి మనిషి ఆయనే. ఈ సంగతి చీనా కళల గురించి రాసిన ఏ పుస్తకంలోనూ లేదు. నాకు దొరికినవన్నీ చదివాను కాబట్టి చెబుతున్నాను.

మామ నాకు మేనమామా కాడు, పిల్లనిచ్చిన మామా కాడు. మార్కాపురంలో సగం ఊరు ఆయనను మామ అనేది, మిగతా సగం మేస్త్రీ అనేది. పలకల కంపెనీలో పెట్టెలు కట్టే పని ఆయనది. మా ఊరి పలకలు బండ్ల మీద స్టేషనుకూ, అక్కడి నుంచి రైల్లో దేశదేశాలకూ పోయేవి. ఎండుగడ్డి ఎక్కడ దట్టంగా వెయ్యాలో, ఎక్కడ పలచగా వెయ్యాలో, పెట్టెను ఎంత బిగించాలో, ఎంత వదలాలో ఆయనకు చేతివేళ్ళకే తెలుసు. ఆయన కట్టిన పెట్టెను స్టేషనులో కూలీలు ఎత్తి పడేసినా లోపల ఒక్క పలక కూడా బీటలు వారేది కాదు. నేను అదే కంపెనీలో ఉత్తరాలు రాసేవాణ్ణి.

పెట్టెలో పెట్టే ముందు ప్రతి పలకనూ ఎడమచేతి వేళ్ళ కొసల మీద నిలబెట్టి, కుడిచేతి నడిమివేలు మడిచి కణుపుతో ఒక్కసారి కొట్టేవాడు. మెడ పక్కకు వంచి, కళ్ళు సగం మూసి వినేవాడు. మంచి పలక ఖణ్ మంటుంది. లోపల చీలిక ఉన్నది మూలుగుతుంది. ఈ అలవాటు కంపెనీతో ఆగి ఉంటే బాగుండేది. ఎవరింటికి పోయినా తలుపు కొట్టి చూసేవాడు, లోపలి వాళ్ళను పిలవడానికి కాదు, తలుపు సంగతి తెలుసుకోవడానికి. భోజనానికి కూర్చుంటే ముందు గ్లాసు కొట్టేవాడు. ఒకసారి దర్శిలో ఎవరికో పిల్లను చూడటానికి పెద్దమనిషిగా వెంటపోయి, కాఫీ తాగుతూ వాళ్ళ కొత్త గోడను కణుపుతో కొట్టి, లోపల మట్టే, పైన సున్నం అని అందరిముందూ చెప్పాడు. ఆ సంబంధం కుదిరింది గానీ ఆ పెళ్ళికి మామను పిలవలేదు.

ఆయనకు చీనా పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. ఆ రోజుల్లో చీనావాళ్ళు సైకిలు వెనక పట్టుబట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. అట్లా వచ్చిన ఒకాయన దోర్నాల దారిలో జ్వరంతో పడిపోతే, స్టేషనుకు పెట్టెలు తోలి తిరిగి వస్తున్న మామ బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఇరవై రోజులు అత్త ఆ మనిషికి కొర్రగంజి పోసింది. ఆయనకు తెలిసిన తెలుగంతా పట్టు, మంచిది, అమ్మా అన్న మూడు మాటలు. గంజి బాగుందా అంటే పట్టు అనేవాడట. జ్వరం తగ్గి పోయేటప్పుడు మూట అడుగు నుంచి మూడు వస్తువులు తీసి మామ చేతిలో పెట్టాడు. ఒకటి తెల్లటి పింగాణి గిన్నె. ఒకటి నాలుగు పెద్ద పెద్ద నల్లటి అక్షరాలు రాసిన కాగితపు చుట్ట. ఒకటి బొమ్మ వేసిన చుట్ట.

మామ గిన్నెను వేళ్ళ మీద నిలబెట్టి కణుపుతో కొట్టాడు. ఆ మోత చీనావాడి సైకిలు వీధి మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉందని ఆయన చచ్చేదాకా చెప్పేవాడు. అత్త మాత్రం, అది సైకిలు గంట అనేది.

అక్షరాల అర్థం ఏమిటని మామ అడిగినప్పుడు చీనాయన ఆకాశం చూపించి, తన పొట్ట చూపించి, నవ్వాడట. అంతవరకే సమాచారం. దాన్ని పట్టుకుని మామ వచ్చినవాళ్ళను బట్టి అర్థం చెప్పేవాడు. సేద్యగాడికి వానలు కురుస్తాయని, బడిపిల్లలకు చదువుకోమని, గొడవపడి వచ్చిన అన్నదమ్ములకు నోర్లు మూసుకోమని. నేను అభ్యంతరం చెప్తే, నీ పుస్తకంలో ఏముందో నువ్వు చెప్పు అనేవాడు. నా పుస్తకంలో లేదు.

ఆ పుస్తకం గురించి ఒక మాట. మా ఊరి పఠనమందిరంలో రెండు బీరువాలుండేవి. మొదటి బీరువా అంతా నేను చదివాను. రెండోదాంట్లో చెదలు నాకంటే ముందున్నాయి. అందులో చీనా పింగాణి మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. బదిలీ మీద పోతూ ఎవరో దొర వదిలేసింది. మొదటి నలభై పేజీలు లేవు. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని నలభై ఒకటో పేజీ నుంచి చివరి దాకా మూడుసార్లు చదివాను. చీనా పింగాణి గురించి మా అప్పటి కర్నూలు జిల్లా మొత్తంలో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. నలభై ఒకటో పేజీ తర్వాతి సంగతుల వరకు అది ఇప్పటికీ నిజమే.

నేను చదివి వినిపించిందంతా విని మామకు ఒక కోరిక పుట్టింది. మార్కాపురంలో చీనా మ్యూజియం ఉండాలి. పఠనమందిరం వెనక ఒక పెద్ద గది ఖాళీగా ఉండేది. దాన్ని ఇమ్మని అధ్యక్షుణ్ణి అడిగాడు. అధ్యక్షుడు వేరుశనగ వ్యాపారి. ఆ గది మీద ఆయన కన్ను అంతకుముందే ఉంది, మూటలు వేసుకోవడానికి. కమిటీ ముందు కాదనలేక ఒక ఉపాయం చెప్పాడు. మద్రాసు నుంచి మ్యూజియం అధికారి ఒకాయన గుళ్ళలో శాసనాలు చూడటానికి ఎండాకాలంలో మా వైపు వస్తున్నాడు. మామ అప్పటికి ప్రదర్శన పెట్టాలి. అది నిలుపుకోదగ్గదని ఆ అధికారి సందర్శకుల పుస్తకంలో రాస్తే గది మామది. రాయకపోతే మూటలది.

మూడు వస్తువులతో ప్రదర్శన ఏమిటి? ఇళ్ళల్లో ఉన్నవన్నీ అడిగి తేవాలని మామ తీర్మానించాడు. ఒంటెద్దు బండిలో గడ్డి నింపుకుని ఆదివారాల్లో ఇద్దరం బయలుదేరేవాళ్ళం. గిద్దలూరు వైపు ఒకసారి, దోర్నాల వైపు ఒకసారి, ముండ్లమూరు దాకా ఒకసారి. పింగాణి లేని ఇల్లు లేదు. అమ్మడానికైతే ఎవరూ ఒప్పుకోరు గానీ, వారం రోజులు చూపించి ఇస్తామంటే కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. చిక్కంతా ఒక్క విషయంలోనే వచ్చింది.

దోర్నాల దగ్గర గొర్రెల పెంపకం వాళ్ళ పల్లెలో ఒక అవ్వ ఉండేది. ఆమె దగ్గర నడుమెత్తు జాడీ ఉంది. తెల్లటి ఒంటి మీద నీలి రంగులో పాములాంటి ఒక జంతువు చుట్టుకుని ఉంది. నేను దాన్ని చూడగానే, అట్లాంటి జంతువు కాలికి ఐదు గోళ్ళుంటే అది చీనా చక్రవర్తి సొత్తని పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. అవ్వ వినలేదు. లోపలికి పోయి గంపెడు చింతతొక్కు తెచ్చి, అప్పటికే సగమున్న జాడీని గొంతుదాకా నింపింది.

"ఉత్తదే చాలు అవ్వా. బరువైతాది" అన్నాడు మామ.

"ఉత్త జాడీ గడప దాటించగూడదు నాయనా. పోయేటప్పుడు నిండుగ పోవాల. వచ్చేటప్పుడూ నిండుగ రావాల."

మా వైపు ఇది అందరికీ తెలిసిందే. పక్కింటికి గిన్నె పంపినా అడుగున చిటికెడు పసుపో, పిడికెడు గింజలో లేకుండా పంపరు. కానీ ఒక మ్యూజియానికి పంపేటప్పుడు కూడా అంతేనని మేము ఊహించలేదు. ప్రతి ఇంటా అదే. గోంగూర, ఉసిరికాయ, నిమ్మకాయ, కొరివికారం, బెల్లం, కొర్రలు, నెయ్యి. చిన్న కప్పులో సైతం ఒక లవంగం. మామకు బాధ ఇంకోటి. నిండు జాడీని కణుపుతో కొడితే మోత రాదు. అవ్వ జాడీని కొట్టి చూశాడు. దిండును కొట్టినట్టుంది. బండి ఎక్కించేదాకా నాలుగుసార్లు కొట్టాడు, ఎక్కడో ఒకచోట పలకకపోతుందా అని.

దారిలో ఒక్క చుక్క ఒలకలేదు. అది మామ పనితనం.

పఠనమందిరం వెనక గదిలో యాభైమూడు పాత్రలు బల్లల మీద వరసగా పెట్టాం. ప్రతిదానికీ నేను చీటీ రాశాను. ఫలానా రాజవంశం నాటి నీలిపూల జాడీ, ఫలానా పద్ధతి ఆకుపచ్చ గిన్నె అని, నలభై ఒకటో పేజీ తర్వాత వచ్చే రాజులందరికీ తలా కొన్ని పంచాను. జనం విరగబడి వచ్చారు. చీటీలు చదివి, ఇదెవరింటి తొక్కు అని అడిగేవాళ్ళు. రెండో రోజుకు చెప్పలేక, చీటీల కింద ఇంటి పేర్లు కూడా రాశాను. అంతే. ఆడవాళ్ళు బండ్లు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. తమ జాడీ ఏ వరసలో ఉందో, పక్కన ఎవరిది పెట్టారో చూసుకుని, పక్కదాంట్లో వేలు పెట్టి నాకి, ఉప్పు తక్కువని చెప్పి పోయేవాళ్ళు. నేను గోడ మీద ముట్టుకోరాదు అని పెద్ద అక్షరాలతో రాశాను. ముట్టుకోవడం మానేసి చెంచాలు తెచ్చుకున్నారు.

బొమ్మ ముందు ఎప్పుడూ గుంపు ఉండేది. పొగమంచులో కొండ, కింద చిన్న వంతెన, వంతెన మీద కర్ర పట్టుకున్న మనిషి. మావాళ్ళు చూడగానే అది శ్రీశైలం దారి అని తేల్చేశారు. అడవి చెక్‌పోస్టులో పనిచేసే ఒకాయన ఆ మలుపు ఎక్కడుందో కూడా చెప్పి, ఆ మనిషి కర్రకు పర్మిటు తీసుకున్నాడా అని నన్ను అడిగాడు. జాడీ అవ్వ వచ్చి చాలాసేపు చూసింది. గొర్రెలు మంచు వెనక ఉన్నాయి, అందుకే పాపం వాడు నిలబడిపోయినాడు అంది. ఆ తర్వాత నాకు ఆ బొమ్మలో గొర్రెలు కనపడకుండా చూడటం ఎప్పుడూ సాధ్యం కాలేదు.

ఐదో రోజు ఉదయం మద్రాసు అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, ఖాకీ కోటు, జేబులో భూతద్దం. నెల్లూరులో పనిచేసి తెలుగు నేర్చుకున్నాడట. అధ్యక్షుడు పూలదండ వేశాడు. అవ్వతో సహా జాడీల వాళ్ళందరూ కిటికీల దగ్గర చేరారు. మామ ఉతికిన పంచె కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అంతకుముందు ఆయన దేనికైనా ఆనుకుని నిలబడగా నేను చూడలేదు.

అధికారి చీనా అక్షరాల చుట్ట దగ్గర ఆగి, చెయ్యి తిరిగినవాడి రాత అన్నాడు. అర్థం ఏమిటని మామ అడిగాడు. తనకు చీనా భాష రాదని అధికారి ఒప్పుకున్నాడు. ఆ మాటతో మామకు కొంచెం ధైర్యం వచ్చి గోడను వదిలాడు. తర్వాత నా చీటీలన్నీ ఆయన ఓపికగా చదివాడు. ఇవి ఎవరు రాశారన్నాడు. నేనే అన్నాను. ఆయన మొదటి జాడీ మీద చెయ్యి వేసి మామ వైపు తిరిగాడు.

"కాస్త తిరగెయ్యండి. అడుగు చూడాలి."

మామ నా వైపు చూశాడు. చీనా పింగాణికి గుర్తు అడుగునే ఉంటుందనీ, ఎప్పటిదో ఎక్కడిదో అది చూసే చెప్తారనీ అధికారి వివరించాడు. ఆ సంగతి తప్పకుండా ఆ పోయిన నలభై పేజీల్లోనే ఉండి ఉంటుంది.

జాడీలో నిమ్మకాయ ఊరగాయ ఉంది. అందులో ఉన్నది వేరే దాంట్లోకి తియ్యండి అన్నాడు అధికారి. కిటికీ దగ్గర ఒక్కసారిగా అలజడి. చెమ్మ తగిలితే బూజు పడుతుందని ఒకామె, నా జాడీ నా ఇంట్లో తప్ప ఖాళీ కాగూడదని ఒకామె. మామ చెయ్యెత్తి అందరినీ ఆపి, నిలువునా అధికారిని ఒకసారి, జాడీని ఒకసారి కొలిచినట్టు చూశాడు. పెట్టె కట్టే ముందు అట్లాగే చూసేవాడు. తర్వాత పత్రికలు చదివే రెండు బెంచీలు తెచ్చి, మధ్య జానెడు సందు వదిలి, జాడీని రెండింటి మీదా ఆనేట్టు పెట్టాడు. కింద చాప పరిచాడు.

అధికారి ఆ ఏర్పాటును చాలాసేపు చూశాడు. కోటు విప్పి నా చేతికిచ్చి చాప మీద వెల్లకిలా పడుకుని, బెంచీల కిందికి పాకాడు. అత్త ఇంటి నుంచి తెచ్చిన చేతి అద్దంతో వాకిట్లోని ఎండను నేను లోపలికి పట్టాను.

"జపాను" అని కింద నుంచి వినపడింది.

మామ జాడీ మార్చాడు.

"ఇంగ్లాండు."

ఇంకోటి.

"ఇది మన ఆర్కాటు వైపుది. పదేళ్ళు కూడా కాలేదు."

నేను ఒక చేత్తో అద్దం పట్టుకుని, రెండో చేత్తో చీటీల మీద రాజవంశాల వరకు ఒకటొకటే చింపి జేబులో పెట్టుకోసాగాను. కిటికీ బయట ఎవరి జాడీ ఏ దేశానిదో చాటింపు అవుతూ ఉంది. తనది జపానుదని విన్న ఒకామె, జపానుదైతే ఏంది, తొక్కు మా అమ్మ నేర్పిందే కదా అంది. ఇరవయ్యో పాత్ర దగ్గర ఒక నూనెచుక్క జారి అధికారి కళ్ళజోడు మీద పడింది. ఆయన వేలితో తుడిచాడు. ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు. తర్వాత, గోంగూరా అని అడిగాడు. అవునన్నాం. ఎవరింటిదన్నాడు. చీటీ చూసి చెప్పాను.

యాభై రెండు అయ్యాయి. మామ గిన్నె కూడా వాటిలో ఒకటి. అది జపానుదేనని తేలింది. మామ దాన్ని పంచె కొంగుతో తుడిచి, దాని చోట పెట్టాడు. అధ్యక్షుడు అప్పటికే అడుగులు వేసి గది పొడవు కొలుస్తున్నాడు.

మిగిలింది అవ్వ జాడీ. బరువని చివరికి ఉంచాం. నలుగురం ఎత్తి బెంచీల మీద పెట్టాం.  అద్దం ఇటు, కొంచెం అటు అని అధికారి కింద నుంచి అన్నాడు. ఎంతసేపటికీ దేశం పేరు రాలేదు. నిద్రపోయినాడేమో చూడండని కిటికీలోంచి ఎవరో అన్నారు. చివరికి ఆయన జుట్టునిండా దుమ్ముతో బయటికి వచ్చి చాప మీదే కూర్చున్నాడు.

"ఇది చీనాదే. రాజు గుర్తు ఆరు అక్షరాలూ ఉన్నాయి, అవి మాత్రం నేను పోల్చగలను. చాలా పాతది. ఇలాంటిది మా దగ్గర కూడా లేదు."

 అవ్వను లోపలికి పిలిచారు. ఎక్కడిదని అడిగితే, తన అత్తకు అత్త, శ్రీశైలం పోయే ఎవరో యాత్రికులు మోయలేక వదిలేస్తుంటే రెండు గొర్రెలిచ్చి తీసుకుందట.

అధికారి అవ్వకూ మామకూ మర్యాదగానే చెప్పాడు. ఈ జాడీని మద్రాసుకు ఇవ్వండి. తగిన ధర ఇప్పిస్తాను. గది సంగతి కూడా నాకు తెలుసు. ఇలాంటి వస్తువును వెతికి పట్టిన మేస్త్రీకి గది కాదు, భవనమే కట్టించాలని పుస్తకంలో రాస్తాను. అధ్యక్షుడు గది కొలవడం ఆపేశాడు.

"నేను మేస్త్రీ చేతికిచ్చినా. మేస్త్రీ ఎట్ల చెప్తే అట్ల" అంది అవ్వ. తర్వాత అధికారి వైపు తిరిగి, "మద్రాసులో దీంట్లో ఏం పెడతారు నాయనా?" అని అడిగింది.

"ఏమీ పెట్టమమ్మా. ఖాళీగా అద్దాల బీరువాలో ఉంచుతాం. అందరూ వచ్చి చూస్తారు."

"ఉత్తగానా? ఎన్ని దినాలు?"

"ఎప్పటికీ."

అవ్వ ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఆడ ఉండే తక్కినయ్యి?"

"అన్నీ ఖాళీవే. వందలు ఉన్నాయి."

ఆమె మామ దగ్గరకు పోయి గొంతు తగ్గించింది గానీ అందరికీ వినపడింది. "అంత పెద్ద ఇల్లంట. వందల జాడీలంట. అన్నీ ఉత్తవేనంట. ఇంట్లో ఆడదిక్కు లేదేమో అడుగు, పాపం."

ఎవరూ నవ్వలేదు. అధికారి కూడా నవ్వలేదు. మామ మడిచిన వేలితో జాడీని ఒకసారి కొట్టాడు. పలకలేదు. అది పలకాలంటే ఏం కావాలో ఆయనకు తెలుసు. గది కావాలంటే ఏం కావాలో కూడా తెలుసు. ఆ రెంటికీ ఒకటే పని. జాడీని ఖాళీ చెయ్యడం.

"దొరా, ఈయమ్మ నా చేతికి నిండు జాడీ ఇచ్చినాది. నిండుగానే ఇంటికి చేర్చాల. మీరు తీస్కపోతే అది ఉత్తదైపోతాది. ఒద్దు దొరా. మీరు రాసేది మీరు రాయండి" అన్నాడు.

అధికారి పట్టుబట్టలేదు. పుస్తకం తెప్పించుకుని నాలుగు పంక్తులు రాశాడు. పోయేటప్పుడు ఆయన టిఫిన్ క్యారియరులో నాలుగు గిన్నెలూ నింపి ఇచ్చారు. ఎవరెవరు ఏమేమి వేశారన్న దాని మీద కిటికీ దగ్గర చిన్న గొడవ కూడా అయింది.

రాసింది ఇంగ్లీషు కాబట్టి అధ్యక్షుడు నన్నే చదవమన్నాడు. ఆ ఊళ్ళో అప్పుడు నా ఇష్టం వచ్చినట్టు చదివినా అడిగేవాడు లేడు. మామ ముఖం చూసి ఒక్క క్షణం అట్లాగే చేద్దామనుకున్నాను. కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే విద్య లేదు. యాభైమూడు పాత్రలు చూశాననీ, ఒకటి మాత్రం నిజంగా చీనాదనీ, దాని యజమాని ఇవ్వదలుచుకోలేదనీ, ఊరగాయలు మాత్రం అన్నీ అసలైనవేననీ ఉంది. చదివాను.

"ఒక్క జాడీకి గదెందుకు బావా? మూల చాలదా?" అన్నాడు అధ్యక్షుడు.

ప్రదర్శన ముగిసింది. పాత్రలన్నీ నిండుగా తిరిగి ఇవ్వాలి. చెంచాల వాళ్ళ దయవల్ల సగం జాడీలు సగానికి దిగిపోయాయి. అత్త పదిహేను రోజులు రోలు దగ్గర నుంచి లేవలేదు. చీనావాడికి జ్వరం తగ్గించడం తాను జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అని దంచుతున్నంతసేపూ చెప్పింది. అవ్వ జాడీని మామే స్వయంగా దోర్నాల వైపు తోలుకుపోయి, కొత్త చింతతొక్కుతో గొంతుదాకా నింపి ఇచ్చి వచ్చాడు. విచిత్రం ఏమిటంటే పదకొండు ఇళ్ళవాళ్ళు తమవి వెనక్కి తీసుకోలేదు. ఇంటి పేరు రాసిన చీటీతో సహా అక్కడే ఉండనిమ్మన్నారు. సంతకు వచ్చినప్పుడల్లా మేమే వచ్చి నింపుకుంటామన్నారు. ఇంట్లో ఉంటే తమ తొక్కు సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆ పదకొండునూ గదిలో ఒక మూల సర్దుతుండగానే అధ్యక్షుడి బండ్లు వచ్చాయి. అన్నీ వేరుశనగ మూటలు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడదామనుకున్నాను. మామ నన్ను పక్కకు జరిపి, పంచె ఎగదోపి, కూలీలకు తనే పని చెప్పడం మొదలుపెట్టాడు. ఇది అడ్డంగా, ఇది నిలువుగా, దాని మీద ఇంకోటి, ఇక్కడ జానెడు వదులు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గది మూడు గోడల వెంటా మూటలు మెట్లు మెట్లుగా పైకి లేచాయి. ప్రతి మెట్టు మీదా రెండు మూటల నడిమి గుంటలో ఒక జాడీ, ఎవరు కొట్టినా కదలనంత కుదురుగా కూర్చుంది. పై వరసలో జపాను గిన్నె, దాని రెండు వైపులా చీనా రాత, చీనా బొమ్మ. గాజు బల్లల మీద కూడా అంత అందంగా ఉండదని మద్రాసు చూసి వచ్చాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అధ్యక్షుడు సాయంత్రం వచ్చి చూసి, కింది వరసలో ఒక మూట లాగబోయాడు. పైనున్నదంతా ఒక్కసారి కదిలింది.

"పైనుంచే తియ్యాల బావా. నేనున్నప్పుడే తియ్యాల" అన్నాడు మామ.

అప్పటి నుంచి మా మ్యూజియం వేరుశనగ బజారుతో పాటు నడిచింది. ధర పెరిగి అధ్యక్షుడు మూటలు అమ్మితే జాడీలు మెట్టు మెట్టుగా కిందికి దిగేవి. పంట వచ్చినప్పుడు మళ్ళీ పైకి ఎక్కేవి. మామ కంపెనీ పని కాగానే వచ్చి, ఆనాటి ధర కనుక్కుని, దానికి తగ్గట్టు సర్దేవాడు. ఒక ఏడు ధర అడుగంటిపోయింది. అధ్యక్షుడు ఒక్క మూటా అమ్మలేదు, పైగా ఆ ఏటి పంట కూడా వచ్చి చేరింది. మూటలు వాసాలను తాకాయి. చీనా కొండను చూడాలంటే నిచ్చెన వేసుకుని, పైన బోర్లా పడుకుని చూడాల్సి వచ్చింది. అధ్యక్షుడు గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు. మామ పైన వాసాల కింద, బొమ్మ పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"బావా, ఈ ఏడు మన మూజియం ఎంత ఎత్తుకు పోయినాదో ఒకసారి పైకొచ్చి చూడు" అన్నాడు.

అధ్యక్షుడు చాలాసేపు పైకే చూశాడు. తర్వాత లేచి, చెప్పులు గుమ్మం బయట విడిచి, నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.